గొంగడి కప్పుకున్న ఢోర్ డాక్టర్

ముందు పేరు సంగతి

మా వీధిలో ఒక అమ్మాయి ఈ మధ్యే పశువైద్యం చదువు పూర్తి చేసింది. ఉద్యోగంలో చేరే ముందు నా దగ్గరికి వచ్చి, "ఏం నేర్చుకొని పోవాల్నో చెప్పుండ్రి సార్," అని అడిగింది. మందుల సంగతి ఆమెకు నాకంటే బాగా తెలుసు. నాకు తెలిసింది వేరే. అది ఒక కప్పు టీ తాగేలోపు చెప్పేది కాదు కాబట్టి ఆమె లాంటి పిల్లలందరి కోసం ఇలా కాగితం మీద పెడుతున్నాను. ప్రమోషన్లు, బదిలీలు, ఫైళ్ల గోల ఇందులో ఉండవు. అవి అందరి ఉద్యోగాల్లోనూ ఒకటే.

మొట్టమొదట పేరు సంగతి. మరాఠీలో ఢోర్ అంటే పశువు. నాందేడ్ జిల్లాలో ఏ ఊరికి వెళ్లినా మనల్ని ఢోర్ డాక్టర్ అనే అంటారు. మనిషిని చూసేవాడు డాక్టర్, మనం ఢోర్ డాక్టర్. కొత్తగా చేరిన పిల్లలకు ఆ మాట వినగానే మొహం మాడిపోతుంది. నాకైతే చాలా ఏళ్లు ముల్లులా గుచ్చుకుంది. ఇప్పుడు మా ఇంటి గేటు మీద పేరు కింద ఆ రెండు మాటలే రాయించుకున్నాను. ఆ మార్పు ఎలా వచ్చిందో చెప్పడానికే ఇదంతా.

ఇక ఉద్యోగం. పశువుకు నోరు లేదని అంటారు. ఎవరన్నారో గానీ తప్పన్నారు. పశువుకు నోరుంది, చెవులున్నాయి, తోకుంది, పేడ ఉంది. అన్నీ మాట్లాడతాయి, అన్నీ నిజమే చెబుతాయి. అబద్ధం చెప్పేది యజమాని ఒక్కడే. కడుపుబ్బి పడిపోయిన ఎద్దును చూపించి ఏం పెట్టావయ్యా అంటే, "రోజు పెట్టేదే పెట్టిన సాబ్," అంటాడు. ఇంటి ముందు పెళ్లిపందిరి ఇంకా ఊడదీసి ఉండదు. మిగిలిన అన్నం గంగాళమంతా ఎద్దు కడుపులోనే ఉందని పందిరి చెబుతూనే ఉంటుంది. అందుకని కళ్లు తెరిచి పెట్టుకోవాలి. చెయ్యి వెయ్యాలి. అన్నిటికంటే ముందు ముక్కు పనిచెయ్యాలి. ఈ చివరి దాన్ని నేను చాలా ఏళ్లు మూసిపెట్టుకున్నాను.

జోషి సాహెబ్

నేను మొదట పనిచేసింది జోషి సాహెబ్ కింద. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. మాట తక్కువ. చిన్న తప్పుకు పెద్దగా తిట్టేవారు, పెద్ద తప్పుకు అసలు తిట్టేవారు కాదు. అప్పుడు మాత్రం వణుకు పుట్టేది. మంచి అధికారి అంటే ఎలా ఉంటాడని ఎవరైనా అడిగితే నేను ఆయన పేరే చెబుతాను. చెడ్డ అధికారుల కింద కూడా చేశాను. వాళ్ల దగ్గర నేర్చుకున్నది ఓర్పు ఒక్కటే, దాని గురించి రాయడానికి ఏమీ లేదు.

ఒకసారి నాందేడ్‌లోనే పాత బస్తీలో ఒక గవళీ ఇంటికి పిలిచారు. గవళీ అంటే పాలవాడు. గేదె మేత బాగా తింటోంది, ఈని రెండు నెలలు కాలేదు, పాలు మాత్రం చుక్క వదలడం లేదు. నేను కుర్రతనం మీద ఉన్నాను. సంచి తెరిచి ఇంజెక్షన్ తీశాను. జోషి సాహెబ్ ఆగమన్నట్టు చెయ్యి చూపి, గవళీని అడిగారు, రోజూ పాలు పిండేది ఎవరని. పెళ్లాం పిండుతుందట. ఆమె పుట్టింటికి పోయిందట. వాడు నేల చూపులు చూస్తూ చెప్పాడు. ఎందుకు పోయిందో మేం అడగలేదు.

"ఆమె కట్టి విడిచిన చీర ఏదన్నా ఉందా?" అన్నారు సాహెబ్.

వాడు పెళ్లాం చీర తెచ్చి తలమీద నుంచి కప్పుకుని గేదె కింద కూర్చున్నాడు. మీసాలవాడు చీర ముసుగులో కూర్చుంటే వీధి వీధంతా వచ్చి నవ్వింది. గేదె ఒకసారి తల తిప్పి చీర వాసన చూసి, చేపింది, పొదుగులోకి పాలు వదిలింది. వాడు ఆ పూట ఎంత సిగ్గుపడ్డాడో అంత పాలు పిండుకున్నాడు. తిరిగి వస్తూ జోషి సాహెబ్ నాతో అన్నారు, పశువుకు నీ డిగ్రీ కనబడదు, నీ వాసనే తెలుస్తుంది అని. నేను తలూపాను. ఆ మాట నా గురించే అని నాకు అప్పుడు తట్టలేదు.

ఆయన నేర్పిన ఇంకో సంగతి హైపో. ఆ రోజుల్లో ఫోటో స్టూడియోల్లో ఫోటోలు కడగడానికి వాడే తెల్లటి పలుకుల మందు అది. లేత జొన్న పిలకలు మేస్తే పశువుకు ఎక్కే విషానికి అదే విరుగుడు. మన దవాఖానాలో విరుగుడు మందు ఉన్నా లేకపోయినా, జీపులో హైపో పొట్లాలు, సిరంజీలు ఎప్పుడూ ఉండాలనేది ఆయన నియమం. స్టూడియోవాడు మమ్మల్ని చూడగానే ఫోటో తీయించుకోవడానికి కాదులే అని పొట్లాలు కట్టేవాడు.

నేను విప్పి పక్కన పెట్టినవి

మాది కుండల్‌వాడి దగ్గర ఒక పల్లె. కురుమలం, గొర్రెలు కాసేవాళ్లం. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, సంతలో ఉర్దూ కలిసిన హిందీ. అమ్మానాన్నలు పోయేసరికి నేను చిన్నవాణ్ణి. మా అక్క మల్లవ్వ మందను తన మీద వేసుకుని నన్ను బడికి పంపింది. బడి లేనప్పుడు ఆమె వెంట తిరిగేవాణ్ణి. గొర్రెను ఎలా పట్టాలో, నడుము మీద వేళ్లు పెట్టి దాని బలం ఎలా చూడాలో, ఊపిరి వాసనను బట్టి కడుపులో సంగతి ఎలా కనిపెట్టాలో ఆమె దగ్గరే నేర్చుకున్నాను.

అన్నిటికంటే ముఖ్యంగా కేక నేర్చుకున్నాను. మంద చెదిరిపోతే దగ్గరికి రమ్మని పిలిచే కేక. ప్రతి కురుమ ఇంటికీ ఒకటి ఉంటుంది. మా ఇంటిది కడుపులోంచి సన్నగా మొదలై, పైకి లేచి, చివర పెదవుల మీద ర్ర్ర్ అని వణికి ఆగుతుంది. తాత నాన్నకు, నాన్న అక్కకు, అక్క నాకు ఇచ్చింది. సాయంత్రం నేను ఆటల్లో పడి ఇంటికి రాకపోతే అక్క నన్ను కూడా ఆ కేకతోనే పిలిచేది. ఊరి పిల్లలు నవ్వేవారు గానీ నేను ఎక్కడున్నా పరుగెత్తుకు వచ్చేవాణ్ణి.

కాలేజీ హాస్టల్లో మొదటి రాత్రి నా మంచం మీద గొంగడి పరిచాను. నల్లటి ఉన్ని గొంగడి, అక్క ఉన్ని వడికి నేయించి ఇచ్చింది. పక్క మంచం వాడు ముక్కు మూసుకుని తన పరుపు వరండాలోకి మార్చుకున్నాడు. మిగతావాళ్లు నవ్వారు. అంతే జరిగింది. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. సెలవులకు వెళ్లినప్పుడు గొంగడి మడిచి తీసుకెళ్లి అక్కకు ఇచ్చేసి, అక్కడ చలి లేదని చెప్పాను.

ఆ తరువాత ఒక్కొక్కటే. బీరప్ప అనే పేరు వీరేంద్ర అయింది. గొంతుక్కూర్చోవడం మానేసి ఎక్కడికి పోయినా కుర్చీ కోసం చూసేవాణ్ణి. పశువు మూతి దగ్గర ముక్కు పెట్టి వాసన చూడటం మోటుగా ఉంటుందని మానేశాను. గొర్రెవాసన ఎవరికైనా తగులుతుందేమోనని చెవిలో అత్తరు దూది పెట్టుకోవడం అలవాటైంది. నాందేడ్‌లో మంచి అత్తరు దొరుకుతుంది, ఆ ఖర్చు ఎన్నడూ ఆపలేదు. కేక అయితే గొంతులోనే ఉండిపోయింది. ఏ ఎండకా గొడుగు పట్టి, చివరికి అందరిలో ఒకణ్ణయ్యాను. ఆ అందరూ చాలా మర్యాదస్తులు. వాళ్ల మధ్య కూర్చున్నప్పుడల్లా ఇరుకు చెప్పులు తొడుక్కున్నట్టు ఉండేది.

అక్క నాందేడ్ వస్తే ఆఫీసు లోపలికి రాదు. గేటు దగ్గర నిలబడి బంట్రోతుతో కబురు పంపేది, "సారు ఉన్నడా?" అని. నేను బయటికి వెళ్తే నన్ను ఎగాదిగా చూసి, "మంచిగున్నరా సారూ," అనేది. వెక్కిరింపో మర్యాదో తెలిసేది కాదు. బీరిగా అని పిలవడం ఎప్పుడు మానేసిందో కూడా నేను గమనించలేదు.

కొండ వెనక మంద

దీనివల్ల నా బతుక్కి వచ్చిన నష్టం సంగతి అలా ఉంచి, పనికి వచ్చిన నష్టం చెబుతాను. ఎందుకంటే ఇది పని గురించి రాస్తున్నది.

గొర్రెలకు టీకాలు వేయడానికి ఊరూరా క్యాంపులు పెట్టేవాళ్లం. నేను జీపు పక్కన కుర్చీ వేయించుకుని కూర్చునేవాణ్ణి. కాపరులు మందలు తోలుకొచ్చేవారు. అన్నీ నిగనిగలాడుతూ ఉండేవి. ఒక్కటి దగ్గేది కాదు, ఒక్కటి కుంటేది కాదు. జిల్లాలో గొర్రెలంత ఆరోగ్యంగా మనుషులు కూడా లేరని నేను నవ్వుకునేవాణ్ణి. తరువాత తెలిసింది, జబ్బు గొర్రెల్ని ముందే వేరుచేసి కొండ వెనక్కి తోలేసి వచ్చేవారట. సర్కారు మనిషి చూస్తే మందను ఊళ్లోకి రానివ్వడని, సంతలో అమ్మనివ్వడని వాళ్ల భయం. గొర్రె కసాయివాణ్ణి నమ్ముతుందంటారు, గొర్రెల కాపరి మాత్రం డాక్టర్ని కూడా నమ్మడు.

కుర్చీ దిగి వాళ్ల పక్కన కూర్చుని రెండు మాటలు తెలుగులో మాట్లాడితే ఆ కొండ వెనక మంద నా ముందుకు వచ్చేది. నాకు ఆ సంగతి తెలుసు కూడా. కానీ జీపులో నాతో వచ్చినవాళ్లు చూస్తారు కదా. గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరుకున్నట్టు, గొర్రెల మీద జీతం తీసుకుంటూ గొర్రెవాసనకు అత్తరు పూసుకుని తిరిగాను.

భోకర్ దారిలో జొన్నచేను

తొంభైల చివర్లో ఒక ఏడు వానలు సరిగా పడలేదు. జొన్న కోసేశాక, అందరూ ఆశ వదులుకున్నాక, రెండు జల్లులు పడ్డాయి. కోసిన మోళ్లకు పచ్చటి పిలకలు లేచాయి. చూడటానికి ముద్దుగా ఉంటాయి గానీ అందులో ఉన్నదంతా విషం. తెలుగులో దాన్ని నాము అంటారు. కడుపు నిండా తిన్న గొర్రె వంద అడుగులు నడవదు.

అప్పుడు భోకర్ దారిలో ఒక ఊరి బయట క్యాంపు పెట్టాం. జిల్లా అధికారి హోదాలో జోషి సాహెబ్ కూడా వచ్చారు. ఇద్దరు కుర్ర డాక్టర్లు, ఊరి పెద్దలు, చుట్టుపక్కల కాపరులు. ఆ కాపరుల్లో మా అక్క ఉంది. పొలాల్లో ఎరువు కోసం మందలు పెట్టించుకునే రైతుల కోసం ఆమె ఏటా ఆ కాలంలో భోకర్ వైపు వచ్చేది. బావ పని మీద ఊళ్లోకి వెళ్లాడు. అక్క వానలో తడిసి వారం రోజులుగా జలుబుతో ఉంది, గొంతు పూర్తిగా పోయింది. నన్ను చూసి తల మాత్రం ఊపింది. నేనూ తల ఊపాను.

మా పని మొదలైంది. అక్క మందలో ముందు వరస గొర్రెలకు సూదులు వేస్తున్నారు. అక్క వాటిని పట్టుకుని ఉంది. వెనక ఉన్న మిగతా మంద మెల్లగా కంప తోసుకుని పక్కన ఉన్న జొన్నచేలోకి పోయిందని ఎవరూ చూడలేదు. కాసేపటికి అందులోంచి ఒక గొర్రె తూలుకుంటూ బయటికి వచ్చి, మా ముందే కాళ్లు బారచాపి పడిపోయింది.

జనం ఒక్కసారిగా మా మీదికి వచ్చారు. "సూయీ సే మరీ సాబ్," అన్నాడు ఒకడు. మీ సూదితోనే చచ్చిందని ఇంకొకడు. పక్క మందల వాళ్లు తమ గొర్రెల్ని లాక్కుపోవడం మొదలుపెట్టారు. ఆ రోజు వాళ్లు అలా వెళ్లిపోతే ఆ చుట్టుపక్కల టీకా అనే మాట ఎత్తడానికి పదేళ్లు పట్టేది. కుర్ర డాక్టర్లకు ముచ్చెమటలు పోశాయి.

నేను గొర్రె పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాను. చిగుళ్లు ఎర్రగా ఉన్నాయి, ఊపిరి ఎగదన్నుతోంది. మూతి దగ్గర ముక్కు పెట్టాను. అత్తరు తప్ప ఏమీ తెలియలేదు. చెవిలో దూది పీకి విసిరేసి, చెయ్యి మట్టిలో రుద్దుకుని మళ్లీ పెట్టాను. చేదు బాదం వాసన. ఎన్నో ఏళ్ల తరువాత ముక్కుతో పని చేశాను, అది వెంటనే పలికింది.

"జొన్న విషం సాహెబ్. సూదిది కాదు. చేలోకి చూడండి," అన్నాను.

జోషి సాహెబ్ చేను వైపు చూసి, నా వైపు తిరిగి ఒక్క మాటే అన్నారు. "హైపో కాఢ్." తియ్యమని. కుర్రవాళ్లు జీపు వైపు పరుగెత్తారు.

కానీ హైపో పడ్డవాటికి. పడబోయేవి చేలోనే ఉన్నాయి. అక్క మంద, ఆమె ముప్ఫై ఏళ్ల కష్టం, తలలు వంచుకుని పచ్చగా మేస్తోంది. ఊరివాళ్లు మంచి మనసుతోనే కర్రలు తీసుకుని చేలోకి దూకారు. అది మరీ చెడ్డదైంది. కొత్త మనుషుల్ని చూసి గొర్రెలు చెదిరి చేను లోపలికి పోయాయి, అక్కడ నిలబడి మళ్లీ మేత మొదలుపెట్టాయి. గొర్రెల్ని తరిమితే బయటికి రావు, పిలిస్తే వస్తాయి. పిలవాల్సిన మనిషి నా పక్కనే నోరు తెరిచి నిలబడి ఉంది. గాలి తప్ప ఏమీ రావడం లేదు.

అక్క నా చెయ్యి పట్టుకుంది.

"పిలువురా బీరిగా," అంది గుసగుసగా.

"నాకు రాదక్కా. ఎన్నేండ్లాయె."

"అన్నం తినుడు మర్సిపోయినవా? గిదీ గట్లనే. పిలువు."

చుట్టూ అందరూ ఉన్నారు. సాహెబ్, కుర్ర డాక్టర్లు, డ్రైవరు, ఊరి పెద్దలు. నేను గొంతు సవరించుకుని పిలిచాను. ఏదో వచ్చింది. ఒక కుర్రవాడు వెనక కిసుక్కున నవ్వాడు. ఒక్క గొర్రె కూడా తల ఎత్తలేదు.

"గదేం పిలుసుడురా? ఆఫీసుల బంట్రోతును పిలిసినట్టు. కడుపులకెళ్లి తియ్యి," అని అక్క తన భుజం మీది గొంగడి తీసి నా తల మీద కప్పింది.

ఆ వాసన తగలగానే నాకు ఏమైందో సరిగ్గా చెప్పలేను. ఉన్ని, పొగ, వాన, పాలు. ఏడుపు వచ్చింది, సంతోషం వచ్చింది, ఈ రెండూ కలిసి కోపంగా మారాయి. ఎవరి మీదో తెలియని కోపం. నేను గట్టు ఎక్కి, కాళ్లు ఎడంగా పెట్టి, కడుపులోంచి తీశాను. కేక సన్నగా లేచి, పైకి పోయి, పెదవుల మీద ర్ర్ర్ అని వణికింది. అది నా గొంతు అని నాకే అనిపించలేదు. మా నాన్న గొంతులా ఉంది.

చేను మధ్యలో గంట కట్టిన మేకపోతు తల ఎత్తింది. మందకు ముందు నడిచేది అదే. అది నల్లగొంగడి వైపు చూసింది. నేను మళ్లీ పిలిచాను. మేకపోతు కదిలింది. దాని వెనక ఒక గొర్రె, ఆ వెనక పది, ఆ తరువాత చేనంతా కదిలి గట్టు వైపు వచ్చింది. నేను పిలుస్తూ, వెనక్కి నడుస్తూ, వాటిని రోడ్డు దాటించి బీడులోకి తీసుకుపోయాను. దారిలో నా బూట్లు ఎక్కడ పోయాయో తెలియదు.

అప్పుడు మొదలైంది మా అసలు పని. నీళ్లలో హైపో కలిపి నోట్లో పోయడం, తూలుతున్నవాటికి నరంలో ఎక్కించడం. నేను గొర్రె వెనక్కాలు పట్టి, నడుము నా మోకాలికి ఆనించి ఒక్క ఊపులో కూర్చోబెడుతుంటే కుర్ర డాక్టర్లు సూదులు పట్టుకుని వెంట పరుగెత్తారు. జోషి సాహెబ్ చొక్కా చేతులు మడిచి బకెట్టు మోశారు. ఇందాక సూదితోనే చచ్చిందన్నవాడే సీసాలు అందించాడు. మొదట పడిన గొర్రెతో కలిపి రెండు పోయాయి. మిగతా మంద సాయంత్రానికి నెమరు వేస్తూ పడుకుంది. అది చూస్తూ అక్క నేల మీద చతికిలబడింది, పక్కనే నేనూ గొంతుక్కూర్చున్నాను. మోకాళ్లు కలుక్కుమన్నాయి గానీ ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

చీకటి పడకముందే ఇంకో సంగతి జరిగింది. ఇందాక గొర్రెల్ని లాక్కుపోబోయిన కాపరుల్లో ఒక ముసలాయన నా దగ్గరికి వచ్చి, తల గీరుకుంటూ, "మీరు మన కురుమలేనా? చెప్పకపోతిరి," అన్నాడు. "అవునే తాతా," అన్నాను. ఆయన కొండ వైపు చెయ్యి చూపి, "గట్లయితే ఆ కొండ ఎనక కొన్ని ఉన్నయి. జరసేపు సూస్తరా?" అన్నాడు.

జోషి సాహెబ్‌కు మొదటి రోజే తెలుసు

తిరుగు ప్రయాణంలో జీపు ముందు సీట్లో జోషి సాహెబ్, వెనక నేను. గొంగడి ఇంకా భుజం మీదే ఉంది. తీయబుద్ధి కాలేదు. ఆయన ఏమంటారోనని ఎదురుచూస్తున్నాను. ఆయన వెనక్కి తిరగకుండానే అన్నారు. "మలా పహిల్యా దివశీచ్ కళలం హోతం." మొదటి రోజే తెలిసింది నాకు అని.

నేను చేరిన మొదటి రోజు ఒక గొర్రెను పట్టి కూర్చోబెట్టానట. పుస్తకం చదివినవాడు గొర్రెను అలా పట్టడని ఆయన అప్పుడే అనుకున్నారట. నాకు గుర్తు కూడా లేదు.

"మరి ఇన్నేళ్లు ఒక్కసారి కూడా అడగలేదేం సాహెబ్?"

"తుఝం హోతం. తూచ్ సాంగాయచం." నీది కదా, నువ్వే చెప్పాలి అన్నారు.

నాకు నవ్వు ఆగలేదు. మరి ఇన్నేళ్లూ ఎవరి కోసం దాచాను? అత్తరు ఎవరి కోసం పూసుకున్నాను? దాచానని నేననుకున్నది అందరికీ తెలుసు. తెలియనట్టు ఉండటం వాళ్ల మర్యాద. నేను నవ్వుతుంటే డ్రైవరు కూడా నవ్వాడు. వాడికీ తెలుసట.

పిల్లలూ, ఇక్కడ ఒక మాట నిక్కచ్చిగా చెబుతాను. జోషి సాహెబ్ లాంటివాళ్లు అంతటా ఉండరు. తరువాత నేను గొంగడి జీపులో పెట్టుకుని తిరగడం మొదలుపెట్టినప్పుడు ఒక సహోద్యోగి మీటింగులో "ధనగర్ సాహెబ్ ఆలే," అన్నాడు, గొర్రెల దొర వచ్చాడని. నవ్వారు కొందరు. నేను ఆ కేక గొంతు విప్పి ఆ హాల్లోనే వినిపించి, "మందంతా వచ్చినట్టే ఉంది, ఇక మొదలుపెడదామా," అన్నాను. ఈసారి అందరూ నవ్వారు, వాడు తప్ప. ఆ తరువాత ఎవరూ నా జోలికి రాలేదు.

మీలో గొల్ల పిల్లలు ఉంటారు, గవళీల పిల్లలు ఉంటారు, కసాయిల పిల్లలు కూడా ఉంటారు. ఇంటి నుంచి తెచ్చుకున్నదేదీ గేటు బయట వదలకండి. మీకు తెలిసిందల్లా గొప్పదని నేను అనడం లేదు. మా అక్కకు హైపో తెలియదు, ఆమె దగ్గర అది లేక ఎన్ని గొర్రెలు పోయాయో. సాహెబ్‌కు కేక రాదు. ఆ రోజు రెండూ కలిశాయి కాబట్టి మంద బతికింది. నేను రెంటికీ చెందినవాణ్ణని తెలుసుకోవడానికి సగం ఉద్యోగం ఖర్చయింది. మీకు అంత పట్టకూడదు.

మిగతా సగం మాత్రం పండగలా గడిచింది. పేరు మళ్లీ బీరప్ప అయింది. అత్తరు మానేశాక ముక్కు పదునెక్కింది. క్యాంపుల్లో కుర్చీ అడగలేదు. కాపరుల పక్కన కూర్చుని వాళ్ల రొట్టె తింటూ, వాళ్ల అబద్ధాలు వింటూ, నిజాలు రాబట్టాను. కొండ వెనక మందలన్నీ ఒక్కొక్కటే ముందుకు వచ్చాయి. జబ్బు మొదట్లోనే దొరికింది. ఆ రోజు వెనక నుంచి కిసుక్కున నవ్విన కుర్ర డాక్టరు ఇప్పుడు నాకంటే బాగా కేక పెడతాడు. వాడు పక్కా మరాఠీవాడు, చివర వణుకు మాత్రం ఇంకా సరిగా రాలేదు.

అక్క గేటు దగ్గర

నేను రిటైరైన రోజు ఆఫీసు ఆవరణలో షామియానా వేశారు. శాలువా, కొబ్బరికాయ, మెడలో బంతిపూల దండ. రిటైరై చాలా ఏళ్లయిన జోషి సాహెబ్ చేతికర్ర పట్టుకుని వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. ఒకరి తరువాత ఒకరు ప్రసంగాలు. మనిషి బతికుండగా ఇన్ని మంచి గుణాలు ఉన్నాయని తెలియడం కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది.

అక్క కుండల్‌వాడి నుంచి వచ్చింది. అలవాటు ప్రకారం గేటు దగ్గరే నిలబడింది. ఎందరు పిలిచినా లోపలికి రాలేదు. ఇద్దరం కలిసి ఊరికి పోవాలనుకున్నాం, మరునాడు మా కురుమల దేవుడు బీరప్ప పండగ. సాయంత్రం ఊరికి పోయే బాడుగ జీపు దాటిపోతే మళ్లీ పొద్దున్నే. వేదిక మీద ఒక పెద్దమనిషి నా సేవల గురించి రెండోసారి మొదటి నుంచి మొదలుపెట్టాడు. నేను మర్యాదగా కూర్చున్నాను.

అప్పుడు గేటు దగ్గర నుంచి కేక లేచింది. కడుపులోంచి సన్నగా మొదలై, షామియానా మీదుగా పైకి పోయి, చివర ర్ర్ర్ అని వణికింది. వయసు మీద పడినా ఆ గొంతు చెక్కుచెదరలేదు. ఆమె నన్ను అలా పిలిచి ఎన్నేళ్లయిందో. మైకు ముందు పెద్దమనిషి ఆగిపోయాడు. జనమంతా వెనక్కి తిరిగారు.

నేను ఆలోచించలేదు. శాలువాతో, దండతో అలాగే లేచి వేదిక దిగాను. ముందు వరసలో జోషి సాహెబ్ కర్ర ఎత్తి, "జా, జా," అన్నారు నవ్వుతూ, పొమ్మని. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు, అందరూ అందుకున్నారు. నేను గేటు దాకా దాదాపు పరుగెత్తాను.

"ఎంత సేపురా బీరిగా, జీపు పోతది," అంది అక్క.

"అచ్చిన అక్కా," అన్నాను.